మరచిపోయిన మన గ్రామఫోను పాటలు

పెద్దలు కట్టించిన గుడి పాడుపడినచో ఊరివారందరును చూచి నొచ్చుకొందురు. పెద్దలు వ్రాసిన గ్రంథమును చెదలు తిన్నచో పండితులైనను విచారింతురు. పెద్దలు పాడుకొనిన పాట పోయినచో, పోయినదను సంగతియే ఎవరికిని తెలియదు. గుడికి గోడలున్నవి, గ్రంథమునకు అట్టలున్నవి, పాటకు గాలి యొక్కటే ఆధారము. ఆ గాలిని పట్టి నిలుపు యంత్రము పుట్టి నూట యేబది యేండ్లు కావచ్చుచున్నది. అది పట్టి నిలిపిన తెలుగు పాటలలో ఎన్ని నేడు మన యిండ్లలో మిగిలియున్నవి? ఈ ప్రశ్నను బెంగళూరులోని తెలుగు కుటుంబములవారి ముందుంచుటయే నా యుద్దేశము.

నేను చరిత్రకారుడను కాను, సంగీత విద్వాంసుడను అసలే కాను. ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, ఒక కార్యాలయములో గుమాస్తాగా ముప్పదియైదేండ్లు ఫైళ్ళకు నంబర్లు వేసి విశ్రాంతి గైకొన్నవాడను. నంబరు తప్పిన కాగితము ఇక దొరకదను సత్యము మాత్రము నాకు బాగుగా తెలియును. పాటల విషయములోను అదియే సత్యమని ఇటీవల కొన్ని యేండ్లుగా తెలిసికొనుచున్నాను.

సినిమా పాటలను గూర్చి నేను వ్రాయబోవుటలేదు. వానికి ఆదరణ కొరతపడలేదు. త్యాగరాజాదుల కృతులను గూర్చియు వ్రాయుటలేదు. వానిని సభలు కాపాడుచున్నవి. ఈ రెంటికిని నడుమ, కేవలము గ్రామఫోను రికార్డు కొరకు పాడబడి, ఆ కాలమున ఇంటింట మారుమ్రోగి, నేడు పేరైనను వినబడని పాటలు వందలకొలది కలవు. జావళీలు, నాటక పద్యములు, జానపదములు, భావగీతములు ఇందులోనివే. ‘ప్రైవేటు పాటలు’ అని వ్యవహరింపబడిన లలిత గీతములును ఇందులోనివే. పాశ్చాత్య దేశములలో ‘పాప్’ అని పిలుచు జనరంజక గీతములకు మన తెలుగునాట సమానమైనవి ఇవియే యని చెప్పవచ్చును.

మొదట యంత్రము కథను సంగ్రహముగా తెలిసికొందము. అమెరికా దేశమున ఎడిసన్ 1877లో ధ్వనిని నమోదు చేయు ఫోనోగ్రాఫును కనిపెట్టెను. దానిలో ధ్వని ఒక గొట్టముపై గీయబడుచుండెను. పదియేండ్ల తరువాత, 1887లో, ఎమిలి బెర్లినర్ బల్లపరుపు పళ్ళెముపై ధ్వనిని గీయు గ్రామఫోనునకు హక్కు పొందెను. ఒక అచ్చు తయారైనచో దానినుండి వేలకొలది పళ్ళెములు తీయవచ్చును. అందుచేతనే పాట అంగడి సరుకైనది. 1902లో గ్రామఫోను కంపెనీ ప్రతినిధి గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి మన దేశపు గాయకుల కంఠములను మొదటిసారిగా నమోదు చేసికొని పోయెను. ఆ పళ్ళెములు జర్మనీలోని హానోవరు పట్టణములో అచ్చయి ఓడలపై మరలి వచ్చుచుండెను. వానికి ముఖ్యమైన ముడిసరుకు లక్క. మన అడవులలోని లక్క సముద్రము దాటిపోయి, మన పాటను మోసికొని, తిరిగి మన యింటికి వచ్చెనన్నమాట. 1908లో కలకత్తాలోని సియాల్డాలోను, 1928లో డమ్‌డమ్‌లోను కర్మాగారములు వెలసిన పిదప ఈ ప్రయాణము తప్పినది.

ఆ తొలి యాత్రలో పాడినవారిలో గౌహర్ జాన్ మిక్కిలి ప్రసిద్ధురాలు. పాట ముగియగానే ఆమె ఆంగ్లములో తన పేరు చెప్పుకొనుట ఆ రికార్డులలో వినబడును. ఎక్కడనో దూరదేశములో అచ్చువేయు పనివారికి ఏ పళ్ళెము ఎవరిదో తెలియుటకు చేసిన ఏర్పాటిది. ఆ మహాగాయని చివరి రోజులు మన ప్రాంతముననే గడచినవి. నాల్వడి కృష్ణరాజ ఒడెయరువారు 1928లో ఆమెను మైసూరు ఆస్థాన విద్వాంసురాలిగా నియమించిరి. 1930 జనవరి 17వ తేదీన ఆమె మైసూరులోనే కన్నుమూసెను.

ఇక మన బెంగళూరు సంగతి. ఈ నగరము పేరును ఇంటిపేరువలె ధరించిన ఇద్దరు గాయనీమణుల కంఠములు ఆ లక్క పళ్ళెములపై నిలిచినవి. ఒకరు బెంగళూరు నాగరత్నమ్మగారు, మరియొకరు బెంగళూరు తాయిగారు. తాయిగారు పాడిన జావళీ రికార్డులు నేటికిని రసికులు వెదకి వినుచున్నారు. జావళీ యనునది శృంగార ప్రధానమైన చిన్న గేయము. నడక చురుకైనది, భాష వాడుకకు దగ్గరిది. పందొమ్మిదవ శతాబ్దిలో ఇది దక్షిణదేశమంతట వ్యాపించినది. వ్రాసినవారి ఊరు ఏదైనను, ఇంటిభాష ఏదైనను, జావళీలలో అధికభాగము తెలుగుననే వెలసినవి. మనకు హోసూరు దారిన సమీపముననే యున్న ధర్మపురి పేరును ధరించిన సుబ్బరాయరుగారు, పట్టాభిరామయ్యగారు ఈ రచనలో ప్రఖ్యాతులు. రికార్డు యొక్క ఒక వైపు మూడు నిమిషములు మాత్రమే తిరుగును. రాగము, స్వరకల్పన విస్తరించుటకు అందు చోటు లేదు. జావళీ ఆ కొలతకు సరిగా అమరినది. మద్రాసులో వీణ ధనమ్మాళ్ మనుమరాండ్రు బృందా, ముక్తలు ఈ జావళీలను కంఠస్థముగా కాపాడిరి. 1960లో బృందగారి కూర్పున మద్రాసు సంగీత అకాడమీవారు జావళీలను స్వరసహితముగా ప్రకటించిరి. అట్లు పుస్తకమునకెక్కినవి బ్రదికినవి. ఎక్కనివానికి రికార్డే దిక్కు.

నాగరత్నమ్మగారు గాయని మాత్రమే కారు. మరుగుపడినదానిని వెదకి వెలికి తెచ్చుట యెట్లో మనకు నేర్పిన గురువు కూడ. ఆమె 1878లో నంజనగూడులో జన్మించి, బెంగళూరులో విద్య నేర్చి, పిదప మద్రాసు చేరిరి. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానమునకు చెందిన ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ను గూర్చి చదివి, ఆ కావ్యము కొరకు వెదకిరి. దొరికిన అచ్చుప్రతిలో కవయిత్రి తన్నుగూర్చి చెప్పుకొనిన భాగములే లోపించియుండుట గమనించి, వ్రాతప్రతి సంపాదించి సరిచూచి, 1910లో వావిళ్ళవారిచేత సమగ్రముగా అచ్చువేయించిరి. మరుసటి యేడే ప్రభుత్వము అశ్లీలమని ఆ గ్రంథమును నిషేధించెను. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ముఖ్యమంత్రిగా నుండగా ఆ నిషేధము తొలగినది. 1952లో గ్రంథము మరల వెలువడినది. ఆ యేడే మే మాసములో నాగరత్నమ్మగారు తిరువయ్యారులో పరమపదించిరి. ఇందు మనము గ్రహింపవలసిన పాఠములు రెండు. దొరికిన ప్రతితో తృప్తిపడక మూలప్రతికి పోవలెను. పాటతో పాటు కర్త పేరును కాపాడవలెను.

1925లో ధ్వనిని విద్యుత్తుతో నమోదు చేయు పద్ధతి వచ్చెను. అంతకు ముందు గాయకుడు ఒక పెద్ద కొమ్ములోనికి గొంతెత్తి పాడవలసియుండెను. గట్టి గొంతునకే అందు గౌరవము. మైక్రోఫోను వచ్చిన పిదప మెల్లగా, గుసగుసవలె పాడినను పళ్ళెముపై పడును. లలిత సంగీతము పుట్టుటకు వీలు కలిగించినది ఈ మార్పేయని నా అభిప్రాయము. నండూరి సుబ్బారావుగారి ఎంకి పాటలు అచ్చయినదియు 1925లోనే. ఒకవంక కవులు మెత్తని మాటను వెదకుచుండగా, మరియొకవంక యంత్రము మెత్తని గొంతును వినుట నేర్చినది.

ఆ పిదప ఇరువదియేండ్లు తెలుగు రికార్డునకు స్వర్ణయుగము. రంగస్థలమున జేగీయమానుడైన కపిలవాయి రామనాథశాస్త్రిగారి పద్యములు ఊరూర మ్రోగినవి. వింజమూరి సోదరీమణులు సీత, అనసూయలు పల్లెపాటలను పట్టణపు చావడికి తెచ్చిరి. వారిలో అనసూయాదేవిగారు 2019లో అమెరికాలోని హ్యూస్టన్ నగరములో దివంగతులైరి. రావు బాలసరస్వతీదేవిగారు పసితనముననే రికార్డులకు పాడి, 1943లో ‘భాగ్యలక్ష్మి’ చిత్రముతో తెలుగున నేపథ్యగానమునకు నాంది పలికిరి. సాలూరు రాజేశ్వరరావుగారు సినిమా సంగీత దర్శకులుగా పేరొందుటకు ముందే తమ మృదుకంఠముతో లలిత గీతములను పాడి యువజనులను ఓలలాడించిరి. ఎం.ఎస్. రామారావుగారిని నేడు సుందరకాండ గాయకులుగా మాత్రమే ఎరుగుదుము. తాజమహలును గూర్చి వారు స్వయముగా వ్రాసి పాడిన గీతము ఒకనాడు విద్యార్థుల వసతిగృహములలో ఎంత మ్రోగినదో మన పెద్దలనడిగి తెలిసికొనవలెను. ఘంటసాలగారును మొదట ఇట్టి ప్రైవేటు పాటలతోనే శ్రోతలకు పరిచితులైరి.

రికార్డు ఒక పాటను ఎట్లు బ్రదికింపగలదో ఒక్క యుదాహరణము చెప్పెదను. శంకరంబాడి సుందరాచారిగారు ‘మా తెలుగు తల్లికి’ గీతమును 1942లో వచ్చిన ‘దీనబంధు’ చిత్రము కొరకు వ్రాసిరి. చిత్రములో దానికి చోటు దొరకలేదు. ప్రకాశం పంతులుగారి సోదరుని కుమార్తె టంగుటూరి సూర్యకుమారిగారు దానిని రికార్డునకు పాడిరి. ఆ పళ్ళెము ఇల్లిల్లు తిరిగి, బడులకు చేరి, 1975లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతమై వెలసెను. సినిమా వలదన్న పాటను లక్క పళ్ళెము నిలబెట్టినది. నేడు మన సంఘపు సభలన్నిటిలో ఆ పాటతోనే ప్రారంభము చేయుచున్నాము. ఆ రికార్డు వెలువడకుండినచో మన సభలు ఏ పాటతో ప్రారంభమగుచుండెనో!

రేడియోలో పాడిన పాటలకు ఈ భాగ్యము కూడ అరుదు. 1947 ఆగస్టు 15వ తేదీన మద్రాసు కేంద్రమునుండి సూర్యకుమారిగారి కంఠమున ప్రసారమైన స్వాతంత్ర్య గీతమును రచించి స్వరపరచినవారు బాలాంత్రపు రజనీకాంతరావుగారు. ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’నకు 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము పొందిన ఆ మహనీయులు మన బెంగళూరు ఆకాశవాణి కేంద్రమునకు కూడ డైరెక్టరుగా పనిచేసిరి. ఆ కాలపు ప్రసారములు చాలవరకు ప్రత్యక్షముగా పాడినవి. పాడినది విన్నవారి చెవిలోనే మిగిలెను. విన్నవారు పోగా పాటయు పోయెను.

ఇంత వైభవముగా వెలిగిన పాటలు ఏల మరుగుపడినవి? కారణములు నాలుగు కనబడుచున్నవి. మొదటిది వస్తుదోషము. లక్క పళ్ళెము చేయి జారినచో పెంకువలె పగులును, ఎండకు వంగును, ఉక్కు ముల్లు తిరిగినకొలది గీత అరుగును. రెండవది సినిమా. ఒకే గాయకుడు ఒకే వారములో పాడిన రెండు పాటలలో సినిమా పాటకు తెరయు, ప్రకటనయు తోడ్పడెను. ప్రైవేటు పాటకు దాని గొంతే దిక్కు. 1952 ప్రాంతమున ఆకాశవాణి సినిమా పాటలను తగ్గించి లలిత సంగీతమును పోషింపజూచెను గాని, 1957లో వివిధభారతి ప్రారంభమైన పిదప సినిమా పాట మరల రాజ్యమేలెను. మూడవది యంత్రముల మార్పు. 78 చుట్ల రికార్డు పోయి లాంగ్ ప్లే వచ్చినది, అది పోయి క్యాసెట్టు, అది పోయి సి.డి. వచ్చినవి. మారినప్పుడెల్ల కంపెనీలు అమ్ముడుపోవు పాటలనే క్రొత్త రూపములోనికి ఎక్కించినవి. మిగిలినవి గట్టుననే ఉండిపోయినవి. నాలుగవది చట్టములోని లోపము. 1954 నాటి చట్టము ప్రకారము మన దేశమున అచ్చగు ప్రతి గ్రంథమును జాతీయ గ్రంథాలయమునకు పంపవలెను. రికార్డులకు అట్టి నిర్బంధము లేకపోయెను. కనుక ఏ పాటలు వెలువడినవో చెప్పు పూర్ణమైన చిట్టాయే మనకు లేదు.

ఐదవ కారణము కూడ ఒకటి కలదు. అది నావంటివారి అజ్ఞానము. అది చెప్పనిచో ఈ వ్యాసము అసత్యమగును.

మా నాయనగారు బాలేపేటలోని అద్దె యింటిలో కాపురముండగా ఒక కీ గ్రామఫోనును, నలుబది రికార్డులను సమకూర్చిరి. నా తొమ్మిదవ యేట ఆయన పోయిరి. ఆ పిదప గ్రామఫోను పెట్టె అటుకపైకి చేరినది. దానిని మరల ఎవరును తీయలేదు. మా అమ్మ మాత్రము సాయంకాలము దోసెల పిండి రుబ్బునప్పుడు ఒక పాట పాడుచుండెడిది. రాధ కృష్ణునిపై అలిగి పలుకు పాట అది. ఒక చరణము పాడి, ఆగి, రోలు రెండు మూడు త్రిప్పులు త్రిప్పి, పిదప మరల అందుకొనెడిది. పనిలో ఊపిరి తీసికొనుటకై ఆగుచున్నదని మేము తలంచితిమి. అది మా పూర్వుల పల్లెలోని పాటయని ఇంటిలో అందరము నమ్మితిమి. మా చెల్లెలు తన బిడ్డలకు దానిని ‘అవ్వ పాట’ యని నేర్పినది.

1994లో మేము విజయనగరములో రెండు గదుల యింటికి మారితిమి. చోటు చాలదని, ఎవరును విననివి ఏలయని, గ్రామఫోనును రికార్డులను పాత సామానులవానికి తూకమున అమ్మివేసితిని. వచ్చిన సొమ్ము బండి బాడుగకు సరిపోయినది. మా అమ్మ ఒక్క మాటయు అనలేదు. క్రొత్త యింటిలో రుబ్బురోలు లేదు, గ్రైండరు కలదు. ఆ పాట మరల వినబడలేదు. యంత్రపు చప్పుడులో పాట కుదరదేమోయని నేను సరిపెట్టుకొంటిని. 2003లో ఆమె పరమపదించినది.

2019లో బసవనగుడిలోని ఒక మిత్రుని యింటికి పోయితిని. ఆయనకు పాత రికార్డులు సేకరించు అలవాటు కలదు. మాటల నడుమ ఒక పళ్ళెము పెట్టిరి. పురుషకంఠమొకటి రాధను బ్రతిమాలుచు ప్రారంభించినది. ఆ పాట నాకు తెలియదు. మరుక్షణమే స్త్రీకంఠము బదులు పలికినది. అది మా అమ్మ పాట! తరువాత మరల పురుషకంఠము, మరల స్త్రీకంఠము. మా అమ్మ రోలు వద్ద ఆగిన చోటనెల్ల అతడు పాడుచున్నాడు. అది ఇద్దరి పాట. రెండవ గొంతు మా నాయనగారిదియై యుండును. ఆయన పోయిన పిదప ఇరువదియైదేండ్లు ఆమె ఆ చోటు ఖాళీగా ఉంచి పాడినది.

నేను తూకమునకు అమ్మినదేదో ఆనాడు నాకు తెలిసినది.

ఆ రికార్డుపై అంటించిన కాగితము చాలవరకు చిరిగిపోయి గాయకుల పేర్లు చదువరాకున్నవి. అయినను లోపలి అంచున, గీతలు ముగియుచోట, కంపెనీవారు గీయించిన అంకెలు స్పష్టముగా నున్నవి. నంబరున్న కాగితము ఎప్పటికైనను దొరకునను నా ఉద్యోగకాలపు నమ్మకము ఇచ్చట మరల అక్కరకు వచ్చినది. ఆ అంకెలు నా డైరీలో వ్రాసికొంటిని. కాగితము చెడని ప్రతి మరియొకటి ఏ యింటి అటుకమీదనో ఉండకపోదు.

అదృష్టవశమున ఈ పనిని శాస్త్రీయముగా చేయుచున్నవారు మన నగరములోనే కలరు. గౌహర్ జాన్ జీవితచరిత్రను 2010లో ప్రకటించిన విక్రమ్ సంపత్ గారు బెంగళూరులో ‘ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్’ అను సంస్థను నెలకొల్పి, పాత రికార్డులను కంప్యూటరు రూపములోనికి మార్చి, ఎవరైనను వినుటకు వీలుగా ఉంచిరి. యూట్యూబునందును సేకర్తలు పాత పాటలను అందించుచున్నారు. చట్టమును ఇప్పుడు మనకు అనుకూలముగానే యున్నది. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము ప్రకారము రికార్డుపై హక్కు అది వెలువడిన పిదప 60 ఏండ్లు మాత్రమే నిలుచును. 1960కి పూర్వపు రికార్డులపై ఆ హక్కు తీరిపోయినది. పాట వ్రాసినవారికిని, స్వరపరచినవారికిని గల హక్కులు వారి మరణానంతరము 60 ఏండ్ల వరకుండును. కావున మరల అచ్చువేసి అమ్ముటకు ముందు విచారింపవలెను. స్వంతముగా వినుటకును, పరిశోధనకును ఆటంకము లేదు.

పాఠక సోదరులకును సోదరీమణులకును నా మనవి ఇది. మీ యింటి అటుకపైన, పాత ట్రంకుపెట్టెలో, తాతగారి బీరువా క్రింద నల్లని పళ్ళెములున్నచో పారవేయకుడు. వానిని ఒకదానిపై నొకటి పరుండబెట్టక, పుస్తకములవలె నిలువుగా నిలుపుడు. ఎండ తగులనీయకుడు. శుభ్రపరచుటకు స్పిరిటు వాడకుడు. స్పిరిటులో లక్క కరగిపోవును. మెత్తని పొడిగుడ్డతో గీత వెంబడి తుడిచిన చాలును. పాత యంత్రముపై ఉక్కు ముల్లుతో మాటిమాటికి తిప్పకుడు. వెడల్పైన గీతకు తగిన ముల్లు గలవారిచేత ఒక్కసారి ప్రతి తీయించుడు. కాగితముపై నున్న ప్రతి యక్షరమును, లోపలి అంచున గల అంకెలను వ్రాసి యుంచుడు. రచయిత పేరు లేని రికార్డులే యెక్కువ. పెద్దలలో ఎవరికైనను తెలిసినచో వారుండగానే అడిగి వ్రాయుడు.

మన బిడ్డలు ఇంగ్లీషు పాటలు వినుచున్నారు, కన్నడ పాటలు పాడుచున్నారు. అందు దోషమేమియు లేదు. ఉన్న ఊరి పాట నేర్చుట ఉచితమే. దానితోపాటు తమ యింటి పాట ఏదో కూడ వారికి తెలియవలెను. మన సంఘము ప్రతి సంవత్సరము ఉగాదినాడు ఒక గంటకాలము ఇట్టి రికార్డుల శ్రవణమునకు కేటాయించి, సభ్యుల యిండ్లలోని రికార్డులకు ఒక పట్టిక తయారుచేసినచో బాగుండును. ఆ పట్టిక వ్రాయు పని నాకప్పగించినచో సంతోషముగా చేయుదును. అలిగిన రాధను కృష్ణుడు బ్రతిమాలు యుగళగీతము ఎవరి యింటనైనను కనబడినచో మొదట నాకు కబురుచేయ ప్రార్థన. మా మనుమరాలు ఆ పాటలో తన అవ్వ భాగమును నేర్చినది. రెండవ భాగమును నేను నేర్చుకొనుచున్నాను.